అయస్కాంతం నుంచి కరెంటు: నిజమెంత, భ్రమ ఎంత?

వేసవి ముదిరి కరెంటు కోతలు మొదలయ్యే రోజుల్లో మన ఫోన్లలో ఒక రకం వీడియో తరచుగా ప్రత్యక్షమవుతూ ఉంటుంది. ఒక చెక్కపలక, దానిమీద రెండు మూడు రాగితీగ చుట్టలు, వాటి నడుమ అయస్కాంతాలు అతికించిన చిన్న చక్రం. ఒక మనిషి ఆ చక్రాన్ని వేలితో ఒకసారి తోస్తాడు. అది తిరుగుతూనే ఉంటుంది, పక్కన బల్బు వెలుగుతూనే ఉంటుంది. డీజిల్ అక్కరలేదు, ఎండ అక్కరలేదు, నెలనెలా బిల్లు అసలే లేదు అని వెనుక నుంచి ఒక గొంతు వినిపిస్తుంది. కొన్ని వీడియోలు అక్కడితో ఆగుతాయి. మరికొన్ని ఒక ఫోన్ నంబరు, ఒక ధర, కొంత అడ్వాన్సు అడగడం దాకా వెళతాయి.

చదువుకున్నవారు సైతం ఈ వీడియోలను నమ్మి బంధువులకు పంపడానికి కారణం ఉన్నది. వీటిలో సగం నిజమే. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తులో అత్యధిక భాగం నిజంగానే రాగితీగ చుట్టల నుంచి, అయస్కాంతాల నుంచి పుడుతున్నది. బొగ్గుతో నడిచే కేంద్రమైనా, జలాశయం కింద ఉండే కేంద్రమైనా, గాలిమర అయినా, చివరికి అణువిద్యుత్ కేంద్రమైనా లోపల జరిగే పని ఒక్కటే: తీగచుట్టకు, అయస్కాంతానికి మధ్య కదలిక. సూర్యరశ్మిని నేరుగా విద్యుత్తుగా మార్చే సౌర ఫలకాలు మాత్రమే ఇందుకు పెద్ద మినహాయింపు. పూర్తి అబద్ధాన్ని గుర్తించడం తేలిక. సగం నిజంతో కలిసి వచ్చిన అబద్ధాన్ని గుర్తించాలంటే ఆ నిజం ఎక్కడ ముగుస్తుందో తెలిసి ఉండాలి. అందుకోసం ఆ విద్య పుట్టిన చోటికి ఒకసారి వెళ్లి రావాలి.

సూది చెప్పిన సంగతి

అయస్కాంతంతో ముస్లిం సమాజాల పరిచయం ఈనాటిది కాదు. ఉత్తర దక్షిణ దిక్కులను చూపే సూదిని నావికులు వాడేవారు. యెమన్‌ను పాలించిన రసూలీ వంశానికి చెందిన సుల్తాన్ అల్ అష్రఫ్ ఉమర్ పదమూడవ శతాబ్దం చివరిలో, నీటి గిన్నెలో తేలే సూది సాయంతో ఖిబ్లా దిశను కనుగొనే పద్ధతిని గురించి రాశాడు. నేడు కొన్ని జానమాజ్‌ల మీద అమర్చి ఉండే చిన్న దిక్సూచి ఆ సూదికి వారసురాలే. విద్యుత్తు కథలో ప్రధాన సాక్షి కూడా ఈ సూదే.

1820లో డెన్మార్క్‌కు చెందిన ఓర్‌స్టెడ్ అనే ఆచార్యుడు, విద్యుత్తు ప్రవహిస్తున్న తీగ దగ్గర ఉంచిన దిక్సూచి సూది పక్కకు తిరగడం గమనించాడు. అంటే విద్యుత్తు అయస్కాంత ప్రభావాన్ని పుట్టిస్తున్నది. ఈ వార్త ఐరోపా అంతటా పాకింది. వెంటనే ఒక ఎదురు ప్రశ్న తలెత్తింది. విద్యుత్తు నుంచి అయస్కాంతత్వం వస్తుంటే, అయస్కాంతం నుంచి విద్యుత్తు ఎందుకు రాకూడదు?

ప్రశ్న సులువుగానే కనిపిస్తుంది. జవాబు దొరకడానికి మాత్రం పదకొండేళ్లు పట్టింది. అందరూ ఒకే చోట తప్పిపోయారు. తీగ పక్కన బలమైన అయస్కాంతాన్ని ఉంచి, తీగలో ప్రవాహం పుడుతుందేమోనని చూస్తూ కూర్చునేవారు. ఏమీ పుట్టేది కాదు.

ఈ సందర్భంలో జెనీవాకు చెందిన కొలాడన్ అనే యువకుడి ఉదంతం చెప్పకుండా ముందుకు పోలేం. 1825లో అతను పెద్ద తీగచుట్టను, బలమైన అయస్కాంతాన్ని సిద్ధం చేసుకున్నాడు. విద్యుత్తు ఉనికిని చూపే సూది అయస్కాంతానికి దగ్గరగా ఉంటే దాని ఆకర్షణకే కదిలిపోతుందని జాగ్రత్తపడి, ఆ పరికరాన్ని పక్క గదిలో ఉంచి పొడవాటి తీగలతో కలిపాడు. సహాయకుడు ఎవరూ లేరు. ఈ గదిలో అయస్కాంతాన్ని చుట్టలోకి దూర్చి, ఆ గదిలోకి నడిచి వెళ్లి సూదిని చూసేవాడు. సూది నిశ్చలంగా ఉండేది. అతను అయస్కాంతాన్ని కదిపిన క్షణంలో సూది తప్పక కదిలి ఉంటుంది. అతను అక్కడికి చేరేసరికి మళ్లీ తన స్థానానికి వచ్చేసి ఉంటుంది. పక్క గదిలో సూదిని చూస్తూ మరొక మనిషి కూర్చుని ఉంటే ఈ ఆవిష్కరణ చరిత్రలో కొలాడన్ పేరు ఉండేది.

ఆ పేరు లండన్‌లోని మైకేల్ ఫారడేకు దక్కింది. ఆయన 1791లో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. పద్నాలుగో ఏట పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను చదివే విద్య నేర్చుకున్నాడు. హంఫ్రీ డేవీ అనే ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త ఉపన్యాసాలు విని, వాటిని శ్రద్ధగా రాసుకుని, తన చేతులతోనే బైండు చేసి ఆయనకు పంపాడు. ఆ పుస్తకమే దరఖాస్తు అయింది. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడి ఉద్యోగం దొరికింది. గణితం ఆయనకు అంతగా రాదు. చేతి నైపుణ్యం, ఓపిక, కళ్లు తెరుచుకుని చూసే అలవాటు మాత్రం పుష్కలంగా ఉన్నాయి.

1831 ఆగస్టు 29న ఫారడే ఆరు అంగుళాల వ్యాసం గల ఇనుప కడియానికి ఒక పక్క ఒక తీగచుట్టను, రెండో పక్క మరో తీగచుట్టను చుట్టాడు. రెండు చుట్టలూ ఒకదానినొకటి తాకవు. మొదటి చుట్టను బ్యాటరీకి కలపగానే రెండో చుట్ట వైపున్న సూది ఒక్కసారి ఊగి, తిరిగి నిలిచిపోయింది. బ్యాటరీ కలిపి ఉంచినంత సేపూ సూదిలో చలనం లేదు. తీగను విడదీయగానే సూది మళ్లీ ఊగింది. కలిపినప్పుడు ఒకసారి, విడదీసినప్పుడు ఒకసారి. మధ్యలో శూన్యం.

అక్టోబరు 17న బ్యాటరీ అవసరం కూడా లేకపోయింది. తీగచుట్ట బోలులోకి ఎనిమిదిన్నర అంగుళాల పొడవైన అయస్కాంతపు కడ్డీని వేగంగా దూర్చాడు. సూది ఊగింది. బయటికి లాగాడు. సూది రెండో వైపుకు ఊగింది. కడ్డీ లోపల ఊరికే ఉన్నప్పుడు ఏమీ లేదు. అదే నెల 28న రాయల్ సొసైటీవారి పెద్ద అయస్కాంతపు ధ్రువాల మధ్య పన్నెండు అంగుళాల రాగి పళ్లాన్ని చేతితో తిప్పగా, తిప్పుతున్నంత సేపూ ఆగకుండా విద్యుత్తు వచ్చింది. ప్రపంచంలోని మొదటి విద్యుత్ జనరేటర్ అదే. నవంబరు 24న ఈ ఫలితాలను రాయల్ సొసైటీ ముందు చదివి వినిపించారు. విద్యుదయస్కాంత ప్రేరణ అని మన పిల్లలు పాఠ్యపుస్తకాల్లో చదివేది దీనినే.

పదకొండేళ్లుగా అందరూ అయస్కాంతాన్ని అడుగుతూ వచ్చారు. విద్యుత్తుకు కావలసింది ఊరికే ఉన్న అయస్కాంతం కాదు, మారుతున్న అయస్కాంత ప్రభావం. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత క్షేత్రం పెరుగుతున్నప్పుడు గానీ, తగ్గుతున్నప్పుడు గానీ మాత్రమే చుట్టలో ప్రవాహం పుడుతుంది. ఎంత వేగంగా మారితే అంత బలంగా పుడుతుంది. చుట్లు ఎన్ని ఎక్కువైతే వోల్టేజి అంత పెరుగుతుంది. ఇక్కడివరకు వీడియోవాడు చెప్పేదీ ఇదే. అతను చెప్పనిది దీని తరువాతి మాట.

తిరగలిలో గింజలు పోస్తే

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన లెంజ్ అనే శాస్త్రవేత్త ఈ ప్రయోగాలన్నింటినీ పరిశీలించి 1834లో ఒక నియమాన్ని ప్రకటించాడు. తీగచుట్టలో పుట్టిన ప్రవాహం తనను పుట్టించిన కదలికనే అడ్డుకుంటుందన్నది దాని సారాంశం. ఉత్తర ధ్రువాన్ని చుట్టలోకి తోస్తే, చుట్ట ఆ చివర తానూ ఉత్తర ధ్రువమై ఎదురు తోస్తుంది. బయటికి లాగితే దక్షిణ ధ్రువమై వెనక్కి గుంజుతుంది. రెండు సందర్భాల్లోనూ మన చేతికి శ్రమే.

మన ఇళ్లలోని పాత తిరగలిని తలచుకుంటే విషయం తేటపడుతుంది. ఖాళీ తిరగలిని చిన్నపిల్ల కూడా గిరగిర తిప్పగలదు. గుప్పెడు గింజలు పోయగానే అది బరువెక్కుతుంది. పిండి కావాలంటే ఆ బరువును తట్టుకుని విసరవలసిందే. రాయి ఏళ్ల తరబడి పెద్దగా అరగదు, కానీ చేయి రోజూ అలసిపోతుంది. పిండి రాయి ఇవ్వడం లేదు, చేయి ఇస్తున్నది. జనరేటర్‌లో అయస్కాంతం ఆ రాయి వంటిది. అది తరగదన్న మాట నిజమే. దాన్ని పట్టుకుని, తరగని అయస్కాంతం నుంచి తరగని కరెంటు వస్తుందని చెప్పడంలోనే మోసం ఉన్నది.

సైకిలుకు డైనమో కట్టుకున్న తరం వారికి ఈ నియమం కాళ్లకు తెలుసు. బుడ్డి ఆకారంలో ఉండే ఆ డైనమోను టైరుకు ఆనించి దీపం వెలిగించగానే పెడలు బరువయ్యేది. ఆ బరువులో కొంత టైరు రాపిడి. మిగిలినది దీపం తన వెలుగుకు వసూలు చేసుకునే కూలి. పిల్లలకు చూపించదలిస్తే మరో తేలిక పద్ధతి ఉన్నది. మందమైన రాగి గొట్టాన్ని నిలువుగా పట్టుకుని, అందులోంచి చిన్న బలమైన అయస్కాంతాన్ని వదలాలి. రాగిని అయస్కాంతం ఆకర్షించదు. అయినా అది రాయిలా పడిపోకుండా, నూనెలో మునుగుతున్నట్లు నెమ్మదిగా దిగుతుంది. గొట్టపు గోడల్లో పుట్టిన ప్రవాహాలు దాని పతనాన్ని అడ్డుకుంటాయి. చూసినవారు ఎంత పెద్దవారైనా రెండోసారి వదలమని అడగకుండా ఉండలేరు.

ఇదే పని పెద్ద ఎత్తున విద్యుత్ కేంద్రాల్లో జరుగుతున్నది. బొగ్గు కేంద్రాల్లో ఆవిరితో నడిచే యంత్రాలు సాధారణంగా నిమిషానికి 3000 చుట్లు, అంటే సెకనుకు 50 చుట్లు తిరుగుతాయి. సహరీ వేళ ఊరంతా ఒక్కసారిగా లేచి దీపాలు, ఫ్యాన్లు, మోటార్లు వేస్తుంది. ఆ క్షణంలో దూరాన ఉన్న జనరేటర్ల చుట్టల్లో ప్రవాహం పెరుగుతుంది, ఆ ప్రవాహం తిరిగే అయస్కాంతాన్ని మరింత గట్టిగా అడ్డుకుంటుంది, యంత్రం వేగం లేశమాత్రం తగ్గుతుంది. దాన్ని పసిగట్టిన నియంత్రణ సాధనాలు ఆవిరి కవాటాన్ని ఇంకాస్త తెరుస్తాయి. మరికొంత బొగ్గు మండుతుంది. మన గదిలో నొక్కిన స్విచ్చు బరువు ఆ విధంగా అక్కడి ఇరుసు మీద పడుతుంది. బొగ్గు కేంద్రం నుంచి వచ్చే ఒక్కో యూనిట్ వెనుక దాదాపు 700 గ్రాముల బొగ్గు ఉంటుంది.

యూనిట్ అంటే ఎంత శ్రమో అంచనా వేసుకోవడం మంచిది, ఎందుకంటే బిల్లు మీద అది చాలా చిన్న అంకెగా కనిపిస్తుంది. ఆరోగ్యవంతుడైన మనిషి సైకిలు తొక్కుతూ నిలకడగా 100 వాట్ల శక్తిని ఇవ్వగలడనుకుంటే, ఒక్క యూనిట్ కోసం అతను పది గంటలు తొక్కాలి. నీటి భాషలో చెప్పాలంటే, వెయ్యి లీటర్ల నీరు సుమారు 367 మీటర్ల ఎత్తు నుంచి పడాలి. ఇది ఐదు కుతుబ్ మీనార్లను ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత ఎత్తు. అదీ ఏ నష్టమూ లేకపోతేనే. వేలితో ఒకసారి తోసిన చక్రంలో ఇంత శక్తి ఎక్కడ దాగి ఉంటుంది?

తెలుగునాట దీనికి మంచి సాక్ష్యం కృష్ణానది మీదే ఉన్నది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యంత్రాలు ఉంటే వాటిలో ఏడు వెనక్కి కూడా తిరగగలవు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని 150 మెగావాట్ల ఆరు యంత్రాలూ అటువంటివే. నీరు కిందికి దిగేటప్పుడు అవి విద్యుత్తును ఇస్తాయి. విద్యుత్తు మిగులుగా ఉన్న వేళ అవే యంత్రాలు విద్యుత్తును తీసుకుని నీటిని తిరిగి పైకి ఎక్కిస్తాయి. అదే చుట్ట, అదే అయస్కాంత క్షేత్రం, రెండు దిశల్లో పని. అయితే ఈ పద్ధతిలో పైకి ఎక్కించడానికి 100 యూనిట్లు ఖర్చు చేస్తే తిరిగి దక్కేది 75 నుంచి 80 యూనిట్లే. విద్యుత్తు అవసరమైన వేళకు దాచిపెట్టుకోవడానికి చెల్లించే మూల్యం అది. ఇన్ని కోట్ల రూపాయల యంత్రాలు, ఇంతమంది ఇంజనీర్లు కలిసి 100 యూనిట్లు పెట్టి 101 తీయలేకపోతే, చెక్కపలక మీది చక్రం తీస్తుందా?

పాత ఆశ, పాత జవాబు

అయస్కాంతంతో ఆగని చక్రం చేయాలన్న ఆశ చాలా పాతది. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన జాన్ విల్కిన్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఒక ఉపాయాన్ని వర్ణించాడు. ఏటవాలు పలక పైన అయస్కాంతం, కింద ఇనుప గుండు. అయస్కాంతం గుండును పైకి లాగుతుంది, గుండు పైనున్న రంధ్రంలోంచి కింద పడి, మరో దారిలో మొదటి చోటికి చేరుకుంటుంది, మళ్లీ పైకి. వినడానికి ఎంతో బాగుంది. విల్కిన్స్ తానే దాని లోపాన్నీ చెప్పాడు. గుండును అంత దూరం లాగగలిగిన అయస్కాంతం, తన దగ్గరికి వచ్చిన గుండును రంధ్రంలో పడనివ్వదు. రానిచ్చేటప్పుడు ఇచ్చినదంతా పోనిచ్చేటప్పుడు తిరిగి తీసుకుంటుంది. ఈనాటి అయస్కాంత చక్రాలన్నింటికీ జవాబు ఇదే.

మన కాలంలోనూ ఈ వాదన ప్రభుత్వ ప్రయోగశాల దాకా వెళ్లింది. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ న్యూమన్, భారీ రాగితీగ చుట్ట, దాని లోపల తిరిగే అయస్కాంతం, కొన్ని బ్యాటరీలతో ఒక యంత్రాన్ని తయారుచేసి, అది తీసుకున్నదానికంటే ఎక్కువ శక్తిని ఇస్తుందని 1979లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. పేటెంటు కార్యాలయం తిరస్కరించగా కోర్టుకు వెళ్లాడు. 1986లో ఆ దేశపు జాతీయ ప్రమాణాల సంస్థ యంత్రాన్ని పరీక్షించింది. పరీక్షించిన ప్రతిసారీ బయటికి వచ్చిన శక్తి లోపలికి పోయిన శక్తికంటే తక్కువే. పరీక్ష సరిగా జరగలేదని న్యూమన్ వాదించినా కోర్టులు ఆయనతో ఏకీభవించలేదు. న్యూమన్‌ను మోసగాడని అనడం నా ఉద్దేశం కాదు. తన యంత్రాన్ని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడేమో. కానీ నమ్మకం వాట్‌మీటరును కదిలించదు.

మన ఫోన్లలోకి వచ్చే వీడియోల్లో ఇంత వాదన కూడా ఉండదు. చక్రం కింద బల్లలో దాచిన బ్యాటరీ, చెక్కలోంచి పోయే సన్నని తీగ, వీడియోను తగిన చోట కత్తిరించడం వంటివి వారి ఉపాయాలు. కరెంటు పోయినా వెలిగే రీఛార్జి బల్బులు ఇప్పుడు ప్రతి దుకాణంలోనూ దొరుకుతున్నాయి. లోపలే బ్యాటరీ ఉన్న ఆ బల్బు అడుగున వేళ్లతో తాకినా వెలుగుతుంది. దానికి రెండు తీగలు, ఒక అయస్కాంతం తగిలిస్తే చూసేవారు అయస్కాంతాన్నే మెచ్చుకుంటారు. మరో ఉపాయం మీటరు. చుట్లు ఎక్కువ వేస్తే మీటరు మీద 220 వోల్టులు చూపించడం కష్టం కాదు. వోల్టేజి ఉన్నంత మాత్రాన శక్తి ఉన్నట్లు కాదు. ఆ తీగలకు ఒక ఫ్యాన్ తగిలించగానే అంకె కుప్పకూలుతుంది. మన వీధి చివర స్తంభంపై ఉన్న ట్రాన్స్‌ఫార్మరు ఫారడే చుట్టిన ఇనుప కడియానికి మనవడే. అది కూడా వోల్టేజిని మార్చగలదు గానీ శక్తిని పెంచలేదు. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది, మధ్యలో కొంత వేడిగా పోతుంది.

కనుక అటువంటి యంత్రాన్ని ఎవరైనా కొనమంటే, శాస్త్రం మీద వాదనకు దిగనవసరం లేదు. యంత్రాన్ని గాజు బల్ల మీద పెట్టమనండి. బ్యాటరీ, ప్లగ్గు ఏవీ లేకుండా చూసుకుని, మీ ఇంటి నుంచి తీసుకువెళ్లిన 100 వాట్ల పాత తీగబల్బును తగిలించి, ఒక రాత్రి ఒక పగలు మీ కళ్లెదుట వెలిగించమనండి. డబ్బు మాట ఆ తరువాత. మొదట చక్రాన్ని తిప్పడానికి మాత్రమే బ్యాటరీ కావాలని అమ్మేవాడు అంటే, తిరగడం మొదలైన వెంటనే ఆ బ్యాటరీని తీసి మీ చేతికి ఇమ్మనండి. ఈ సంగతి ముందుగా చెప్పవలసింది ఇంట్లోని పెద్దవారికి, ముఖ్యంగా జనరేటర్ ఖర్చుతో సతమతమయ్యే చిన్న దుకాణదారులకు. అడ్వాన్సు ఇచ్చేది ఎక్కువగా వారే.

బిల్లు తగ్గించడంలో అయస్కాంతం సాయం కావాలంటే అది మరో రూపంలో ఇప్పటికే బజారులో ఉన్నది. పాత రకం సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. దాని మోటారులో తిరిగే భాగానికి సొంత అయస్కాంతత్వం ఉండదు. ఫారడే కనుగొన్న ప్రేరణ ద్వారానే, ఇంటి కరెంటులో కొంత ఖర్చుపెట్టి దాన్ని పుట్టించాలి, అందులో కొంత వేడిగా వృథా అవుతుంది. బీఎల్‌డీసీ అని పిలిచే కొత్త రకం ఫ్యాన్లలో తిరిగే భాగంలోనే శాశ్వత అయస్కాంతాలు అమర్చి ఉంటాయి. అవి దాదాపు అదే గాలిని 30 వాట్ల ప్రాంతంలో ఇస్తాయి. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఒక్క ఫ్యాను మార్చితే నెలకు సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. ధర ఎక్కువే. అందుకని ఇల్లంతా ఒకేసారి మార్చకుండా, పగలూ రాత్రీ తిరిగే గదిలోని ఫ్యానుతో మొదలుపెట్టడం మేలు.